వైవాలో నిలబెట్టేది ‘ఎందుకు’కి జవాబే

బళ్లారి జిల్లా మీద చరిత్రలోనో ఆర్థికశాస్త్రంలోనో పీహెచ్‌డీ చేసిన విద్యార్థిని వైవాలో, అంటే థీసిస్‌పై జరిగే మౌఖిక పరీక్షలో, ఇరుకున పెట్టడానికి ఒక్క ప్రశ్న చాలు: మీరు చెబుతున్నది ఏ బళ్లారి గురించి? 1953 అక్టోబరు 1 దాకా ఇది మద్రాసు రాష్ట్రంలోని జిల్లా. ఆ రోజున ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రానికి పోయాయి, మిగతావి మైసూరులో కలిశాయి. 2021లో హోసపేట, హంపి వైపు ప్రాంతం విడిపోయి విజయనగర జిల్లా అయింది. కాబట్టి 1951 జనాభా లెక్కల బళ్లారి, 2011 లెక్కల బళ్లారి, ఇవాళ్టి బళ్లారి మూడూ ఒకటి కావు. ఆ అంకెలను ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టారా? హద్దులు సరిచూసి తాలూకాలవారీగా మళ్లీ కూడి ఉండవచ్చు, లేదా ఆ తేడాను పరిమితిగా ముందే రాసి ఉండవచ్చు. రెండింటినీ సమర్థించుకోవచ్చు. అసలు ఆ ఆలోచనే రాలేదంటే మాత్రం సమర్థన ఉండదు. నా దృష్టిలో వైవాకు సిద్ధపడటమంటే ఇదే, థీసిస్‌లో తీసుకున్న ప్రతి నిర్ణయానికీ కారణం నోటితో చెప్పగలగడం. అధ్యాయాలను ఎన్నిసార్లు తిరగేసినా ఆ శక్తి దానంతటది రాదు.

వైవా వట్టి లాంఛనమని సీనియర్లు ధైర్యం చెబుతుంటారు. అందులో కొంత నిజం ఉంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు థీసిస్‌ను చదవాలి, వాళ్ల నివేదికలు అనుకూలంగా వస్తేనే వైవా జరుగుతుంది. కానీ అనుకూలమైన నివేదికలోనూ సందేహాలుంటాయి, వాటిని రాసినవారిలో కనీసం ఒకరు ఎదురుగా కూర్చుంటారు. ఇతర అధ్యాపకులూ విద్యార్థులూ వచ్చి వినవచ్చు. పైగా రేపు అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూలోనూ ఇవే ప్రశ్నలు ఎదురుకావచ్చు. అందుకే తయారీని చివరి నెలకు వదలకూడదు. ప్రతి సెమిస్టర్‌లో రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు హాజరవడం, సమర్పణకు ముందు అందరి ఎదుటా ప్రజెంటేషన్ ఇవ్వడం నిబంధనల్లోనే ఉన్నాయి. సంతకం కోసం వెళ్లి స్లైడ్లు చదివి వచ్చేస్తే చేతికందిన రిహార్సల్‌ను వదులుకున్నట్టే. అక్కడ వచ్చిన ప్రతి ప్రశ్ననూ ఆ సాయంత్రమే రాసిపెట్టండి. అధ్యాయానికి ఒక పేజీ చొప్పున ఏది ఎంచుకున్నారో, దేన్ని వదిలేశారో, అందువల్ల ఏం కోల్పోయారో రాయండి. చివరి వారంలో చదవాల్సింది ఆ పేజీలనే. బయటి పరీక్షకుల రచనలనూ, వారు గైడ్ చేసిన థీసిస్‌లు శోధ్‌గంగ ఆన్‌లైన్ భాండాగారంలో దొరికితే వాటినీ చూడండి, వాళ్ల పట్టింపులేమిటో తెలుస్తుంది.

ఇంగ్లీషు ధారాళంగా వస్తేనే వైవాలో నెగ్గుతారన్న మాట బళ్లారి లాంటి సరిహద్దు జిల్లాలో మరీ గట్టిగా వినిపిస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, థీసిస్ ఇంగ్లీషులో. మాట తడబడితే విషయం తెలియదనుకునే పరీక్షకులు లేరని చెప్పలేం, అది అన్యాయమే. అయినా తడబాటుకు మూలం చాలాసార్లు భాషలో ఉండదు, ఆలోచన ఇంకా ఏ భాషలోనూ కుదురుకోకపోవడంలో ఉంటుంది. ముందు మీ వాదనను సబ్జెక్టు తెలియని ఇంటివాళ్లకు తెలుగులోనో కన్నడలోనో పైకి చెప్పండి. వాళ్లు ఆపి అడిగిన చోటే మీ వాదన పలచగా ఉందని గుర్తు. అది సర్దుకున్నాక చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లోకి మార్చండి. మూడు భాషలు మీకు బలం కూడా. బళ్లారి జిల్లా సిరుగుప్పలో వరి రైతు తెలుగులో చెప్పిన మాట థీసిస్‌లో ఇంగ్లీషులో కనిపిస్తే, అనువాదం ఎవరిది, అసలు మాట ఎక్కడుంది అని అడగడం పరీక్షకుల హక్కు. రికార్డింగులు, మూల ప్రతులు వెంట తీసుకెళ్లండి. ఆ పదాన్నే అలా ఎందుకు అనువదించారో చెప్పే అర్హత ఆ గదిలో అందరికన్నా మీకే ఎక్కువ. అలాగే, 1953కు ముందరి కాగితాల కోసం చెన్నై ఆర్కైవ్స్‌కు వెళ్లకపోతే ఆ సంగతి మీరే ముందు చెప్పండి, ఉన్న ఆధారాలు ఎంతవరకు నిలుస్తాయో కూడా ఆ వెంటనే చెప్పండి.