పెరటి చెట్టు ఎన్నేళ్ళకు కాస్తుంది?

(సభ్య సంఘాల అధ్యయన పాఠం)

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు, లెక్కల పుస్తకాలు మూసిన తరువాత సభ్యులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "అయ్యా, పెరట్లో నిమ్మ మొక్క పెట్టి మూడేళ్ళయింది. ఒక్క కాయ లేదు. పీకేయమంటారా?" పీకవద్దనే మా జవాబు. అది గొడ్డు మొక్క కాదు, ఇంకా వయసుకు రాలేదు, అంతే.

పాడి రైతుకు ఈ మాట కొత్త కాదు. గేదె పెయ్య పుట్టిన నాటి నుండి తొలి ఈతకు సుమారు మూడున్నర, నాలుగేళ్ళు పడుతుంది. సంకరజాతి ఆవు పెయ్యకు బాగా మేపితే రెండున్నర, మూడేళ్ళు. పాలివ్వలేదని రెండో ఏట పెయ్యను ఎవరూ తోలివేయరు. చెట్టు విషయంలోనూ ఆ ఓర్పే కావలెను. అయితే ఏ చెట్టుకు ఎంత ఓర్పు కావాలో ముందుగా తెలిసియుండవలెను.

1. విత్తనపు మొక్క, అంటు మొక్క

విత్తనం నుండి మొలిచిన మొక్క బాల్యదశ అంతా గడిపి గాని పూతకు రాదు. అంటు మొక్క సంగతి వేరు. దాని పై కొమ్మను అప్పటికే కాస్తున్న చెట్టు నుండి తీసుకొంటారు. వేరు చిన్నదైనా కొమ్మకు కాపు వయసు ఉన్నది. అందుకే టెంక నాటిన మామిడి ఏడెనిమిదేళ్ళు ఆగితే, అంటు మామిడి మూడు నాలుగేళ్ళకే కాస్తుంది. పైగా బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి రాదు. నిమ్మలో మాత్రం విత్తనపు మొక్క చాలావరకు తల్లి గుణమే చూపుతుంది గనుక విత్తనంతో పెంచినా నష్టం లేదు.

కొనేటప్పుడు అతుకు చూడవలెను. మొదలుకు కొంచెం పైన గంటు, దానికి పైనా కిందా బెరడులో తేడా కనబడవలెను. నాటిన తరువాత అతుకు కింద నుండి వచ్చే చిగుళ్ళను ఎప్పటికప్పుడు గిల్లివేయవలెను. వాటిని వదలితే అవే పెరిగి పై అంటును చంపుతాయి. ఇంటివారు ఆరేళ్ళు నీరు పోసి, చివరకు నాటు పుల్ల మామిడి కోసుకొన్న పెరళ్ళు మేము చూచియున్నాము.

2. ఏది ఎన్నాళ్ళకు?

ఏడాది లోపు: బొప్పాయి నాటిన తొమ్మిది, పది నెలలకు పండుతుంది. విత్తనపు మునగ రకాలు ఆరేడు నెలలకే కాస్తాయి. అరటి పిలక పది నుండి పన్నెండు నెలలకు గెల ఇస్తుంది. బొప్పాయిలో మగ మొక్క పూత వచ్చేదాకా తెలియదు గనుక గుంటకు రెండు మూడు నాటి, తరువాత ఒకటి ఉంచవలెను.

రెండు, మూడేళ్ళు: జామ అంటు, దానిమ్మ, అంటు రేగు.

మూడు నుండి ఐదేళ్ళు: మామిడి అంటు, సపోటా అంటు, సీతాఫలం, వాక్కాయ, పొట్టి రకం కొబ్బరి. విత్తనపు నిమ్మ నాలుగు, ఐదేళ్ళు.

ఆరేళ్ళు, ఆపైన: దేశవాళీ పొడుగు కొబ్బరి ఆరు నుండి ఎనిమిదేళ్ళు. విత్తనపు పనస ఏడెనిమిది. విత్తనపు నేరేడు ఎనిమిది, పది. తాటిచెట్టు పన్నెండేళ్ళు దాటితే గాని కాయదు. దాన్ని తాత నాటితే మనుమడు ముంజెలు తింటాడు.

అంటు మామిడి మొదటి రెండు మూడేళ్ళలో పూసినా ఆ పూతను తుంచివేయవలెను. ఒడ్డు పెరగని పెయ్యను కట్టిస్తే తల్లికీ దూడకూ చేటు. లేత మొక్కకు కాయ బరువు కూడా అంతే.

3. మన తీరపు నేల

విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు ఇసుక నేలల్లో నీరు నిలువదు, ఎరువు నిలువదు. బావినీరు ఉప్పగా ఉన్న పెరట్లో నిమ్మ, బొప్పాయి, మామిడి పెట్టి కాపు కోసం ఎదురు చూడటం వృథా. అక్కడ కొబ్బరి, సపోటా, రేగు మేలు. గూడూరు, పొదలకూరు నిమ్మను చూచి సముద్రపు ఒడ్డున అదే ఆశించరాదు.

గాలి సంగతి మరువరాదు. 1989 నవంబరులో కావలి దగ్గర తుపాను తీరం దాటినది. అటువంటి గాలికి పడిన దేశవాళీ కొబ్బరి స్థానంలో మరునాడే మొక్క నాటినా 1995, 1996 దాకా కాయ చూడలేము. అందుచేత ఒకే రకం మీద ఆధారపడరాదు. త్వరగా కాచేవి రెండు, ఆలస్యంగా కాచేవి రెండు కలిపి పెట్టుకొనవలెను. లేత మొక్కకు ఊతకర్ర కట్టవలెను.

4. కొట్టం నుండి పాదికి

పాడి ఉన్న ఇంట ఎరువు కొననక్కరలేదు. అయితే పచ్చి పేడ పాదిలో వేయరాదు. చెదలు పడతాయి. బాగా మాగిన ఎరువునే వేయవలెను. పశువుల మూత్రంలో పది రెట్లు నీరు కలిపి పోయవచ్చును. కొట్టం కడిగిన నీరు పాదికి మళ్ళించవచ్చును గాని, ఫినాయిలు వేసి కడిగిన నాడు వద్దు. తిని వదిలిన గడ్డి పాదిలో పరిస్తే ఇసుకలో తడి నిలుస్తుంది. మేక ఒకసారి తల కొరికితే కాపు ఒక ఏడాది వెనక్కు పోతుంది. ముళ్ళకంప దడి తప్పనిసరి.

5. అప్పు గడువు, కాపు వయసు

సంఘాలు ముఖ్యంగా గమనించవలసినది ఇది. తీరపు గ్రామంలో ఒక సభ్యురాలు అప్పు తెచ్చి పావు ఎకరంలో నిమ్మ పెట్టినది. అప్పు ఇచ్చినవారు మొదటి ఏటి నుండే వాయిదా పెట్టినారు. వాయిదాకు పాల బిల్లు పోయి దాణాకు చాలలేదు. దాణా తగ్గి గేదె పాలు తగ్గినవి. మూడో ఏట చివర ఆమె మొక్కలు పీకించి వేరుశనగ వేసినది. అదే వారం నాటిన పక్కింటి నిమ్మ ఐదో ఏట కాయ దించినది. ఆమె కష్టంలో లోపం లేదు. గడువులోనే లోపమున్నది.

పాల బిల్లు పదిహేను రోజులకు వస్తుంది, చెట్టు ఫలం ఏళ్ళకు వస్తుంది. సభ్యులు మొక్కల కోసం అప్పు తీసుకొనేటప్పుడు, తొలికాపు తరువాతనే అసలు వాయిదా మొదలయ్యేట్లు పత్రంలో వ్రాయించుకొనవలెను. అది కుదరనిచోట అప్పు లేకుండా నాలుగు మొక్కలతో సరిపెట్టుకొనుట మేలు.

చర్చకు ప్రశ్నలు

1. మీ గ్రామంలో బావినీరు ఏ చెట్లకు సరిపోతుంది?
2. మీ పెరట్లోని చెట్లు ఏ ఏట నాటినవి? ఏ ఏట కాయవలెను?
3. ఏడాదిలో, మూడేళ్ళలో, ఏడేళ్ళలో కాచే మూడు మొక్కలు ఒకే పెరట్లో ఎక్కడెక్కడ నాటుతారు?

కార్యదర్శులు ఈ పాఠాన్ని సాయంత్రపు పాల సేకరణ ముగిసిన తరువాత సభ్యులకు చదివి వినిపించవలెను. మొక్క నాటిన తేదీని పాల పాసుపుస్తకం చివరి పుటలో వ్రాసుకొనమని చెప్పవలెను. తేదీ కళ్ళ ముందుంటే తొందరపడి చెట్టును పీకేవారు తగ్గుతారు.