ధ్రువ పర్వతాల మ్యాపింగ్: సాఫ్ట్‌వేర్ కన్నా ముందు కొలత నేర్చుకోండి

జియోస్పేషియల్ రంగంలోకి రావాలనుకునే విద్యార్థులు సాధారణంగా ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని అడుగుతారు. దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: మ్యాప్ మీది అంకెను ఎంతవరకు నమ్మొచ్చు? ఆ సంగతి చెప్పగలిగినవాళ్లే ఈ రంగంలో నిలదొక్కుకుంటారు. అంటార్కిటికా కొండలే ఇందుకు సాక్ష్యం. ఎల్స్‌వర్త్ పర్వతాల్లోని విన్సన్ ఆ ఖండంలోకెల్లా ఎత్తైన శిఖరం. 1950ల చివర్లో జరిగిన సర్వేలను బట్టి దాని ఎత్తు 5,140 మీటర్లని చాలాకాలం పుస్తకాల్లో రాసుకున్నారు. జీపీఎస్‌తో కొలిచాక 4,892కు తగ్గింది. అంటార్కిటిక్ ద్వీపకల్పంలోని మౌంట్ హోప్ శిఖరం విషయంలో ఇది తిరగబడింది. ఉపగ్రహ చిత్రాలతో మళ్లీ లెక్కగడితే, అది అనుకున్నదానికంటే 377 మీటర్లు ఎక్కువగా, 3,239 మీటర్లున్నట్లు 2017లో బయటపడింది. బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే ఈ లెక్క చేపట్టింది తమ పైలట్ల భద్రత కోసం. పాత అంకెను నమ్మి మబ్బుల్లో విమానం నడిపితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఉపగ్రహాలు, ఏఐ వచ్చాక ఇక మనిషికి పనేముంటుందని కొందరి అనుమానం. అది పూర్తిగా కొట్టిపారేయాల్సిందేమీ కాదు. 2018లో విడుదలైన ‘రెమా’ ఎత్తుల నమూనా అంటార్కిటికా ఖండంలో దాదాపు 98 శాతాన్ని 8 మీటర్ల స్పష్టతతో చూపించింది. చేత్తో గీసే పని చాలావరకు పోయింది. కానీ ఒకే చోటును రెండు కోణాల్లో తీసిన ఫొటోలను సరిపోల్చి కంప్యూటర్ ఎత్తు లెక్కిస్తుంది. నున్నటి మంచు మీద సరిపోల్చడానికి గుర్తులు దొరక్క తడబడుతుంది. 1958లో సోవియట్ బృందం కనుగొన్న గంబూర్త్‌సెవ్ పర్వతాలైతే పూర్తిగా మంచు కిందే ఉన్నాయి. వాటికి కెమెరా పనికిరాదు, రాడార్ కావాలి. పైగా జీపీఎస్ నేరుగా ఇచ్చే ఎత్తు సముద్రమట్టం నుంచి కాదు, లెక్కల్లో ఊహించుకున్న ఒక భూగోళ ఉపరితలం నుంచి. అందుకే విశాఖ బీచ్‌లో నిలబడినా సవరణ చేయని రీడింగు పదుల మీటర్లు మైనస్‌లో కనిపిస్తుంది. ఈ తేడాలను పసిగట్టి సరిచేసే పని పెరిగిందే తప్ప తగ్గలేదు.

అంటార్కిటికాలో ఉద్యోగాలెన్ని ఉంటాయన్నది రెండో అభ్యంతరం. నిజమే, తక్కువే. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం మన యాత్రలు నడుపుతుంది. అక్కడి మన మైత్రి స్థావరానికి దక్షిణాన ఉన్న వోల్తాట్ పర్వతాలను జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు మ్యాప్ చేశారు. మన మరో స్థావరం భారతిలో అందుకున్న ఉపగ్రహ సమాచారం హైదరాబాద్ దగ్గరి షాద్‌నగర్‌కు చేరుతుంది. ఈ కొలువుల కోసమే చదివితే నిరాశ తప్పకపోవచ్చు. అయితే అక్కడ అవసరమైన నైపుణ్యమే ఆంధ్రప్రదేశ్ భూముల రీసర్వేకు, రిజర్వాయర్ ముంపు అంచనాకు, గనుల డ్రోన్ సర్వేకు కూడా అవసరం. ముంపు అంచనాలో ఒక్క మీటరు తేడా వస్తే ఊరు మునుగుతుందా లేదా అన్నదే మారిపోతుంది.

కాబట్టి జియాలజీ, జాగ్రఫీ, సివిల్ ఇంజినీరింగ్‌లలో ఏది చదువుతున్నా జియోడెసీ (భూమి ఆకారాన్ని కొలిచే శాస్త్రం), ఫొటోగ్రామెట్రీ (ఫొటోల నుంచి కొలతలు తీసే విద్య), స్టాటిస్టిక్స్ మీద పట్టు పెంచుకోండి. పైచదువుకు గేట్‌లో జియోమాటిక్స్ పేపరు ఉంది. జియలాజికల్ సర్వేలో చేరడానికి జియాలజీ పీజీతో యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయొచ్చు. సాధనకు ఖర్చేమీ లేదు: క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్, రెమా, కోపర్నికస్ ఎత్తుల నమూనా అన్నీ ఉచితమే. విన్సన్ ప్రాంతానికి రెండు నమూనాలూ తెరిచి, ఎత్తుల్లో తేడా ఎందుకొచ్చిందో, అందులో కొలతల ఆధారం మారడం వల్ల వచ్చింది ఎంతో, అసలు తప్పు ఎంతో ఒక పేజీలో రాయండి. పది సర్టిఫికెట్ల జాబితా కన్నా ఆ ఒక్క పేజీ మీ పనితనాన్ని ఎక్కువ చూపిస్తుంది.