సెల్‌ఫోను మాధ్యమములందు అనుచరులతో నిజమైన పొత్తు



సంఘమనగా పుస్తకములోని పేర్ల పట్టిక కాదు. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున నేతపనివారు మున్నగు 28 మంది 1844లో తమ యంగడిని తెఱచినప్పుడును, మన దేశమున 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినప్పుడును, మూలాధార మొక్కటియే: సభ్యులొకరి నొకరు ఎఱిగియుండుట, ఒకరి మాట నొకరు నమ్ముట. నేడు మన చేతిలోని సెల్‌ఫోనున నేర్పడిన గుంపులకును ఈ సూత్రమే వర్తించును. ఈ సంగతిని మేము మా తప్పువలననే నేర్చుకొంటిమి.

ఇబ్రహీంపట్నమున మేము నడపుచున్న వాట్సాప్ గుంపునందు వందలకొలది సభ్యులున్నారు. ఆ సంఖ్యను జూచి మేము గర్వపడుచుంటిమి. ఒక సార్వా కాలమున నొక సన్నకారు రైతు తెల్లవారుజామున “యూరియా వచ్చిందా అండీ?” అని యడిగెను. ఆ ప్రశ్నపై శుభోదయపు బొమ్మలును, పండుగ శుభాకాంక్షలును, ఎవరో యెచటనుండియో పంపిన వీడియోలును వచ్చి పడినవి. మాలో నొక్కరును బదులీయలేదు. ఆయన కూలి మానుకొని, ఆటోకు డబ్బిచ్చి వచ్చి, వట్టి చేతులతో మరలిపోయెను. అటుపిమ్మట ఆయన గుంపులో మరేమియు నడుగలేదు. పేరు మాత్రము పట్టికలో నిలిచినది. మనిషిని మేము పోగొట్టుకొంటిమి.

కావున అనుచరుల సంఖ్య వేఱు, అనుచరులతో పొత్తు వేఱు. వాట్సాప్ గుంపున 1,024 మందిని చేర్చవచ్చును. కాని పంపిన మాటను ఎందఱు చదివిరి, ఎందఱు తిరిగి ప్రశ్నించిరి, ఎందఱు దానిని పొలములో ఆచరించి ఫలితమును చెప్పిరి అనునదియే అసలు కొలత. విత్తనము చల్లినంత మాత్రమున పంట కాదు గదా. మొలక శాతమును చూడవలెను.

సంఖ్యను కొనుక్కొనువారు కూడ గలరు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను 2019లో దొంగ అనుచరులను అమ్మిన ఒక కంపెనీపై చర్య గైకొన్నది. ఇట్లు కొన్న అనుచరుడు మామిడికాయ కొనడు, ధర యడుగడు, ఆపదలో పలుకడు. తాలుగింజలను బస్తాలో కలిపి తూకము పెంచుకొనుట యెట్టిదో ఇదియు నట్టిదే. “లైకు కొట్టుడు, పదిమందికి పంపుడు” అని దేబిరించుటయు మేలు కాదు. అట్టి పోస్టులను వెనుకకు నెట్టుదుమని ఫేస్‌బుక్ కంపెనీ 2017 డిసెంబరులోనే ప్రకటించినది.

అట్లయిన నిజమైన పొత్తు ఎట్లు కలుగును? మన డెల్టాలోనే దృష్టాంత మున్నది. తెనాలి సమీపమున గుడివాడ యను గ్రామము గలదు. ఇది కృష్ణా జిల్లాలోని గుడివాడ పట్టణము కాదు. ఆ గ్రామపు వృద్ధురాలు కర్రె మస్తానమ్మగారు నూఱేండ్లు దాటిన వయసున, 2016 మొదలు యూట్యూబులో “కంట్రీ ఫుడ్స్” అను ఛానెలునందు వంటలు చేసి చూపిరి. ఆరుబయట కట్టెల పొయ్యి, నేలపై కూర్చుండి వండుట, తమ యూరి మాట: ఇవియే ఆమె సాధనములు. పుచ్చకాయలో వండిన ఆమె కోడికూరను దేశదేశములవారు చూచిరి. 2018 డిసెంబరులో ఆమె కాలధర్మము నొందునాటికి చందాదారులు పది లక్షలు దాటిరి. ఆమె తన యింటివారికి వండినట్లే లోకమునకును వండెను, నటన లేదు. చూచువారు దానినే నమ్మిరి.

రెండవ దృష్టాంతము సేద్యమునకు చెందినది. 2006లో బెంగుళూరున ఆరంభమైన డిజిటల్ గ్రీన్ ప్రయత్నమున రైతుల చేతనే వీడియోలు తీయించి, గ్రామములలో చిన్న చిన్న కూటములందు చూపిరి. మధ్యవర్తి యొకరు వీడియోను నిలిపి ప్రశ్నలడిగి, సందేహములను వ్రాసికొని, పిమ్మట ఎవరాచరించిరో విచారించెడివారు. ఈ పద్ధతి తరువాత మన రాష్ట్రమున ప్రకృతి వ్యవసాయ ప్రచారమునకును వినియోగపడినది. ఇందలి కీలకము వీడియో కాదు. వీడియో తరువాత జరుగు సంభాషణము.

దీనిని మన మామిడి అమ్మకమునకు అన్వయింతము. విజయవాడ కొనుగోలుదారునకు బంగినపల్లి పండు అందమైన బొమ్మ నంపిన చాలదు. తోటను, కోతను, మాగబెట్టు గదిని చూపవలెను. కాల్షియం కార్బైడుతో మాగబెట్టుట ఆహార భద్రతా నిబంధనలచే నిషిద్ధము. పరిమితికి లోబడి ఎథిలీన్ వాయువును వాడుటకు అనుమతి గలదు. మీరేది చేయుచున్నారో దాచక చెప్పుడు. మంగు పట్టిన కాయ లున్నయెడల ముందే తెలిపి ధర తగ్గింపుడు. ఒకరికి చెడిన పండు చేరినయెడల ఆ ఫిర్యాదును చెఱిపివేయక, అందఱి యెదుటనే ఒప్పుకొని సొమ్ము తిరిగి ఇండు. ఆ ఒక్క బదులు నూఱు ప్రకటనల కంటె మిన్న.

ఈ నమ్మకము అమ్మకమునకే గాక ప్రాణరక్షణకును కావలెను. 2024 సెప్టెంబరు తొలినాళ్ల వఱదను మనమెవరము మఱవగలము? బుడమేరు పొంగి విజయవాడ పేటలు మునిగినవి. ప్రకాశం బారేజి వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులను మించి పాఱినది. అట్టి రాత్రి గట్టు తెగినదను మాట నిజమైనచో రక్షించును, వదంతి యైనచో ప్రజలను తప్పుదారి పట్టించును. వదంతుల కారణముననే వాట్సాప్‌వారు 2018లో మన దేశమున ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకే పంపునట్లు కట్టుబాటు చేసిరి. పలుమార్లు చేతులు మాఱిన సందేశముపై జంట బాణపు గుర్తు కనబడును. ఆ గుర్తు గలదానిని విచారింపక ముందుకు పంపరాదు. దినదినము సత్యమునే చెప్పిన గుంపు మాటనే ఆపదనాడు జనులు విందురు.

ఆ యూరియా సంఘటన పిమ్మట మేము ఏర్పఱచుకొన్న నియమములివి:

1. సభ్యుని ప్రశ్నకు సాయంకాలములోగా బదులు. తెలియనిచో “తెలియదు, విచారించి చెప్పుదుము” అనవలెను.

2. సరకు నిలువ, ధరలు, నీటి విడుదల తెలుపుటకు నిర్ణీతమైన వేళ. శుభాకాంక్షలకు వేఱొక గుంపు.

3. వినిన మాటకును, స్వయముగా చూచిన మాటకును భేదము స్పష్టముగా వ్రాయుట.

4. చదువ నేరనివారి కొఱకు ప్రతి ముఖ్య విషయమును గొంతుతో చెప్పి పంపుట.

5. మౌనముగా నున్న సభ్యులను నెలకొకసారి స్వయముగా పలుకరించుట.

ఐదవ నియమము ననుసరించి మేము ఆ సన్నకారు రైతు ఇంటికి పోయి క్షమాపణ కోరితిమి. ఆయన నవ్వి, కూర్చుండుడని మంచము వాల్చెను. మఱునాడు గుంపులో ఆయన ప్రశ్న మరల కనబడినది. ఈ మాఱు నిమిషములలో బదులిచ్చితిమి.

ఈ నెల అభ్యాసము: ప్రతి సభ్యుడును తన ఫోనులోని గుంపులలో నొకదానిని తెఱచి, గడచిన వారమున బదులు లేక మిగిలిన ప్రశ్న యొకటి వెదకవలెను, దానికి బదులీయవలెను. పొత్తు అచ్చటనే మొదలగును.