కలిసే ముందు వ్రాసుకున్నది

తనిఖీకి వెళ్ళినప్పుడు చిన్న ఊళ్ళ సభ్యులు మమ్ములను తరచు ఒక ప్రశ్న అడుగుతారు. "రోజుకు 40 లీటర్లు పంపే మా సంఘం మాట జిల్లా యూనియన్‌లో ఎవరు వింటారండీ?" అని. ఈ భయం పాల సంఘాలకే కాదు, రాష్ట్రాలకూ ఉన్నదే.

ఇంగ్లండు నుండి విడిపడిన 13 అమెరికా వలస రాజ్యాలు గట్టి కేంద్ర ప్రభుత్వం కింద కలియబోయినప్పుడు చిన్నవి ఇలాగే జంకాయి. జనాభా ఎంతైనా సెనేటులో రాష్ట్రానికి ఇద్దరేనని 1787 రాజ్యాంగంలో వ్రాశారు. అందరికంటె ముందు దానిని ఆమోదించినది చిన్నదైన డెలావేరే!

ఇక మన సంగతి. ఆంధ్ర రాష్ట్రం కావాలని 1913లో మన బాపట్లలోనే మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. కాని చదువులు, కాలువలు ఉన్న కోస్తావారు తమను అణగదొక్కుతారేమోనని రాయలసీమవారు వెనుకాడారు. ఆ అనుమానం ఉత్తది కాదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ ఇంట ఒప్పందం కుదిరింది. నీటి పథకాలలో సీమకు, నెల్లూరుకు ముందు చోటు. రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో సీమవారే కోరుకోవాలి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలుకు, మరుసటి ఏడు హైకోర్టు గుంటూరుకు వచ్చాయి. 1956 నవంబరు 1న తెలంగాణ కూడా కలిసి ఆంధ్రప్రదేశ్ కాగానే రెండూ హైదరాబాదు చేరాయి. సెనేటు సంగతి రాజ్యాంగంలో ఉన్నది. శ్రీబాగ్ పెద్దమనుషుల ఒప్పందం మాత్రమే. సీమవారు దానిని నేటికీ ఎత్తి అడుగుతూనే ఉన్నారు.

అందుకే ఆ చిన్న సంఘాలవారితో, యూనియన్ నియమావళి తెప్పించి మహాజన సభలో తమ సంఘానికి ఎన్ని ఓట్లో ముందు చూసుకోమంటున్నాము.