అర్జీ ఏ భాషలో నున్నను స్వీకరింపవలెను

పల్నాడునందు తెలుగొక్కటే వాడుక భాషయని సాధారణముగా తలంతుము. నరసరావుపేట బజారులో కొంతసేపు నిలిచిన ఉర్దూ వినవచ్చును. మాచర్ల, వినుకొండ ప్రాంతముల తండాలలో లంబాడీ వినవచ్చును. 2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట జిల్లా కేంద్రమైనది మొదలు ఈ భాషలవారందరును అర్జీలు తెచ్చునది ఇచ్చటికే. అంతకు ముందుగా వారు వచ్చునది పంచాయతీ కార్యాలయమునకు. కావున సభ్యులకు ఈ విషయము తెలిసియుండవలెను.

రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము ఏ వ్యక్తియైనను తన కష్టమును తొలగింపుమని కోరుచు, దేశమునందుగాని రాష్ట్రమునందుగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారులకు విన్నపము సమర్పింపవచ్చును. అది ఎనిమిదవ షెడ్యూలులోని భాషయే కావలెనను నియమము లేదు. లంబాడీ ఆ షెడ్యూలులో లేదు. అయినను ఈ హక్కు దానికి కలదు. సొంత లిపి లేదను మాటయు అడ్డు కానేరదు. ఉమ్మడి రాష్ట్రమున గిరిజన భాషలలో ప్రాథమిక విద్య నారంభించినపుడు లంబాడీ వాచకములు తెలుగు లిపిలోనే వెలువడినవి.

ఉర్దూవారికి మార్గము మరింత సుగమము. 1966 నాటి అధికార భాషా చట్టమును 2022లో సవరించి, ఉర్దూను రాష్ట్రమంతటను రెండవ అధికార భాషగా చేసిరి.

బడుల మాట. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలెనని 350-ఎ అధికరణము చెప్పుచున్నది. తమిళనాడులోని హోసూరు తెలుగు పిల్లలకు వర్తించునదియు ఇదియే.

ఇక ప్రకటనలు. ఒక తాలూకాలో నూటికి 15 నుండి 20 మంది వరకు వేరు భాషవారున్నచో ముఖ్య ప్రకటనలు వారి భాషలో కూడ వెలువరింపవలెనని 1956లో కేంద్ర ప్రభుత్వము సూచించెను. తండాలకు ఈ లెక్క చాలదని మా అభిప్రాయము. తండాలో అందరును లంబాడీలే యైనను, తాలూకా మొత్తముమీద వారు ఆ లెక్కకు రాకపోవచ్చును.

ఇండ్లస్థలముల జాబితాను గోడకంటించి, గడువులోగా అభ్యంతరములు తెలుపుడని వ్రాయుదురు. తండాలోని వృద్ధురాలికి బజారు తెలుగు వచ్చును. మిరపకాయల ధర బేరమాడగలదు, బస్సు వేళ అడుగగలదు. 'అభ్యంతరము', 'అర్హత' అను మాటలు ఆ తెలుగులోనివి కావు. (కార్యాలయపు తెలుగు తెలుగువారికే కొరుకుడుపడదనుట వేరు సంగతి.) జాబితాలో తన పేరు లేదని ఆమెకు తెలియునప్పటికి స్థలములు పంచియుందురు.

దీనిని నివారించుటకు పెద్ద వ్యయ మక్కరలేదు. తండా వార్డు సభ్యుడు చాటింపును లంబాడీలో వేయింపవచ్చును. గ్రామసభలో జాబితా చదివిన వెంటనే దాని భావమును వారి భాషలో ఒకరు చెప్పవలెను. వారడిగిన ప్రశ్నలను మినిట్సు పుస్తకములో తెలుగున నెక్కింపవలెను. అర్జీ నోటిమాటగా చెప్పినచో, దానిని వ్రాసికొని, ఆమె భాషలో తిరిగి వినిపించి, ఆ పిమ్మటనే వేలిముద్ర తీసికొనవలెను. తేదీ వేసిన రసీదును అప్పుడే చేతికీయవలెను.