నిదానమే ప్రధానం

‘నిదానమే ప్రధానం’ అనే నానుడి తెలుగువారికి చిరపరిచితం. తొందరపాటు పనికిరాదన్నది లోకవ్యవహారంలో దాని అర్థం. ఆయుర్వేదంలో ‘నిదానం’ అంటే రోగకారణాన్ని నిర్ణయించడం. ఔషధానికి ముందు నిదానం జరగాలి. ఈ రెండు అర్థాలూ ఒక చిన్న యంత్రం విషయంలో ఎంత చక్కగా సరిపోతాయో ఈ పాఠంలో చూడవచ్చు.

రేడియో తరంగాల ఆజ్ఞతో నడిచే నమూనా ట్రక్కులు నేడు అనేక దేశాల్లో యువకులకూ, పెద్దలకూ ప్రీతిపాత్రమైన వినోదం. ఇటువంటి బండిలో చక్రాలను కుడిఎడమలకు తిప్పే పరికరాన్ని ‘సర్వో’ అంటారు. లాటిన్ భాషలో ‘సెర్వుస్’ అంటే దాసుడు. 1873లో ఫ్రెంచి ఇంజనీరు జోసెఫ్ ఫార్కో ఆవిరి ఓడల చుక్కానిని తిప్పే యంత్రాన్ని గురించి రాసిన గ్రంథంలో ‘సర్వో మోటారు’ అనే పేరును ప్రయోగించాడు. ఆజ్ఞను శిరసావహించే సేవకుడు కనుక ఆ పేరు సార్థకం.

సర్వోలో ఒక చిన్న మోటారు, పళ్లచక్రాల వరుస, ఇరుసు ఎంత తిరిగిందో కనిపెట్టే పరికరం, వీటిని నియంత్రించే వలయం ఉంటాయి. రిసీవరు నుంచి వచ్చే విద్యుత్ స్పందన నిడివి సాధారణంగా ఒకటి నుంచి రెండు మిల్లీసెకన్లు. ఒకటిన్నర మిల్లీసెకన్ల స్పందన వస్తే సర్వో మధ్యస్థానంలో నిలుస్తుంది. నిడివి పెరిగితే ఒకవైపు, తగ్గితే రెండోవైపు తిరుగుతుంది. కోరిన స్థానానికీ, ఉన్న స్థానానికీ భేదం పోయేవరకు అది శ్రమిస్తూనే ఉంటుంది.

బండి సరిగా మలుపు తిరగకపోతే చాలామంది వెంటనే సర్వోను నిందిస్తారు. నెలల తరబడి కూడబెట్టిన సొమ్ముతో మరింత బలమైనదాన్ని కొంటారు. అయినా బండి తీరు మారకపోవచ్చు. పైగా ఆ కొత్త బలానికి తట్టుకోలేక మరో భాగం విరిగిపోవచ్చు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఇక్కడ గుర్తుకు రాక మానదు.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ ‘క్లాడ్ బస్టర్’. జపానుకు చెందిన టమియా సంస్థ 1987లో విడుదల చేసిన ఈ ట్రక్కు అసలు వాహనంలో పదోవంతు పరిమాణం గలది. దీని చక్రాలు భారీవి. ముందు, వెనుక ఇరుసులకు వేర్వేరు మోటార్లు ఉన్నాయి. నాలుగు చక్రాలూ మలుపు తిరుగుతాయి. అయితే చట్రంలో అమర్చిన ఒకే సర్వో పొడవైన కడ్డీల ద్వారా ఈ భారమంతా మోయాలి. గతుకుల్లో ఇరుసు పైకీ కిందికీ కదిలినప్పుడు కడ్డీలు చక్రాలను తమంతట తామే తిప్పేస్తాయి. అనుభవజ్ఞులు కేవలం పెద్ద సర్వోతో తృప్తిపడలేదు. సర్వోను నేరుగా ఇరుసుపైనే బిగించారు. కడ్డీ పొట్టిదైంది. బలం వృథా కాకుండా చక్రానికి చేరింది. లోపం సేవకునిలో కన్న దారిలోనే ఎక్కువగా ఉందన్నమాట.

కాబట్టి పరీక్ష క్రమపద్ధతిలో జరగాలి. మొదట బండిని పైకెత్తి చక్రాలను తిప్పి చూడాలి. గాలిలో కూడా పూర్తిగా తిరగకపోతే ఎక్కడో అడ్డు ఉందని గ్రహించాలి. అప్పుడు విద్యుత్తు ఆపి, సర్వో నుంచి కడ్డీని విడదీసి, చక్రాలను చేతితో కదపాలి. మట్టి చేరినా, మరలు అతిగా బిగిసినా అవి తేలికగా కదలవు. గాలిలో బాగా తిరిగి నేలపై మొరాయిస్తే సర్వో చేతిని గమనించాలి. చేయి కదిలినా చక్రం కదలకపోతే బలం మధ్యలో పోతున్నదన్నమాట. దెబ్బల నుంచి పళ్లచక్రాలను కాపాడే ‘సర్వో సేవర్’ స్ప్రింగు మెత్తబడి ఉండవచ్చు, లేదా సర్వోను పట్టి ఉంచే భాగం వంగుతూ ఉండవచ్చు. చేయి కూడా కదలకపోతే విద్యుత్ సరఫరాను చూడాలి. బలమైన సర్వో భారం పడినప్పుడు ఎక్కువ విద్యుత్తును లాగుతుంది. సరఫరా చాలకపోతే వోల్టేజి పడిపోతుంది, రిసీవరు సైతం క్షణకాలం స్తంభించవచ్చు.

ఇవన్నీ సరిగా ఉన్నా బలం చాలనప్పుడే కొత్త సర్వోను ఎన్నుకోవాలి. దాని బల భ్రామకాన్ని కిలోగ్రామ్-సెంటీమీటర్లలో చెబుతారు. 20 కి.గ్రా.-సెం.మీ. సర్వో ఒక సెంటీమీటరు దూరంలో 20 కిలోల బలాన్ని చూపుతుంది, రెండు సెంటీమీటర్ల దూరంలో 10 కిలోలనే చూపుతుంది. చేయి పొట్టిదైతే బలం పెరుగుతుంది కానీ మలుపు తగ్గుతుంది. ఫుటాబా ఎస్3003 వంటి సాధారణ సర్వో 6 వోల్టుల వద్ద సుమారు 4 కి.గ్రా.-సెం.మీ. ఇస్తుంది. తేలికైన కారుకు అది చాలు. పెద్ద చక్రాలతో రాళ్లెక్కే ట్రక్కుకు చాలదు. పందెపు బండికి వేగం ముఖ్యం, రాళ్లెక్కే బండికి బలం ముఖ్యం. బరువైన బండికి లోహపు పళ్లచక్రాలు మేలు. సర్వో ఇరుసు పళ్ల సంఖ్య తయారీదారును బట్టి 23, 24 లేదా 25గా ఉంటుంది కనుక చేయి దానికి సరిపోవాలి. వోల్టేజి కూడా సర్వోకు తగినదై ఉండాలి. బిగించిన తరువాత చక్రం ఆగేచోటే సర్వో కూడా ఆగేటట్లు ట్రాన్స్‌మిటరులో హద్దులు నిర్ణయించాలి. లేకుంటే అది గోడను తోసేవానిలా మూలుగుతూ వేడెక్కి కాలిపోతుంది.

పని చెడినప్పుడు పనివానిని మార్చడం సులభం. అతని ఆజ్ఞ, ఆహారం, దారి సరిగా ఉన్నాయో లేదో విచారించడం కష్టం. ఆ కష్టానికి ఓర్చినవాడికే సొమ్మూ మిగులుతుంది, విజ్ఞానమూ దక్కుతుంది.

ప్రశ్నలు

1. ‘నిదానం’ అనే పదానికి గల రెండు అర్థాలను పాఠ్యాంశానికి అన్వయించండి.
2. క్లాడ్ బస్టర్‌లోని లోపాన్ని అనుభవజ్ఞులు ఎలా సవరించారు?
3. సర్వోను ఎన్నుకొనేటప్పుడు గమనించవలసిన అంశాలేవి?