కీమో తర్వాత జ్వరమా? గంట ముఖ్యం

యానాం నుండి విశాఖపట్నం హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో, మరో చోటికో వెళ్ళి కీమో చేయించుకొని వచ్చిన వారి కుటుంబ సభ్యులు ఇది గుర్తుంచుకోవాలి.

కీమో ఇచ్చాక 7 నుండి 14 రోజుల మధ్య సాధారణంగా తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం కూడా ప్రాణాపాయం కావచ్చు. పారాసిటమాల్ బిళ్ళ వేసి తెల్లవారేదాకా ఆగవద్దు. బిళ్ళ జ్వరాన్ని దాచుతుందే గాని ఇన్‌ఫెక్షన్‌ను తగ్గించదు.

విశాఖ దూరం. ముందు యానాంలోనో, కాకినాడలోనో దగ్గరి పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. ఫైలు చూపి, "కీమో జరుగుతోంది, జ్వరం వచ్చింది" అని వెళ్ళగానే చెప్పండి. గంటలోపు యాంటీబయోటిక్ ఇంజెక్షన్ మొదలుకావాలి. రోగి వచ్చిన సమయం, ఇంజెక్షన్ ఇచ్చిన సమయం రాసి సరిచూసుకోవడం ఆసుపత్రి సేవ మెరుగుపడే మార్గం. ఆలస్యమైతే నర్సును అడగండి. అడగడం మీ హక్కు.

ఇంట్లో థర్మామీటరు తప్పక ఉంచుకోండి.